హవాయి రాజన్న ఇంజను

జహనుమా, హైదరాబాద్
జూన్, ఆదివారం

పూజ్యులైన డానియేలు చిన్నాయన గారికి,

సోనీ నమస్కరించి రాయునది. నేను మీ అన్న రాజన్న కూతురిని. మీరు నన్ను చివరిసారి చూసినప్పుడు నేను రెండో తరగతిలో ఉన్నానని అమ్మ చెప్తుంది. మొన్న మీకు ఫోన్ చేస్తే చిన్నమ్మ ఎత్తింది. "ఆయనకు ఫోన్ల ఏం ఇనవడదు బిడ్డా, విమానాల ఫ్యాక్టరీల ఇంజన్లు నడిపి చూసే టెస్ట్ బెడ్ కాడ చెవులు పాడైనయ్. ఆ టచ్ ఫోన్ ఇస్తే మూలకు పడేస్తడు. ఏదున్నా కాయితం మీద రాసి పంపు, కూసొని చదువుకుంటడు" అంది. అందుకే ఈ ఉత్తరం.

మా వాకిట్లో బాపు విమానం ఇంజను అట్లాగే ఉంది. మీకు తెలిసే ఉంటుంది. మలక్‌పేటలో లారీ మెకానిక్‌గా పనిచేస్తున్నప్పుడు ఎక్కడో వేలంలో తుక్కు కుప్పలో దొరికిందని ఇంటికి తెచ్చాడు. నాలుగు సిలిండర్లు వరసగా నిలబడి ఉంటాయి. పేరున్న రేకు ఎప్పుడో ఊడిపోయింది. దాన్ని ఒక్కసారన్నా స్టార్ట్ చేయాలని బతికినన్నాళ్లూ పాటుపడ్డాడు. అది ఒక్కసారి కూడా కాలేదు. హవాయి జహాజ్ అంటే విమానం కదా, గల్లీలో అందరూ ఆయన్ను వెక్కిరింపుగా "హవాయి రాజన్న" అనేవాళ్లు. పోయిన ఏడాది బాపు చనిపోయినప్పుడు, మట్టి ఇచ్చి వచ్చిన రోజు కూడా ఎవరో ఆ మాట అన్నారు. నేను విన్నాను.

నేను సంతోష్‌నగర్‌లో ఒక ఆఫీసులో లిఫ్టుల భాగాలు కంప్యూటర్‌లో గీస్తాను. అదే సాఫ్ట్‌వేర్‌లో ఈ ఇంజను మొత్తాన్ని, ప్రతి బోల్టుతో సహా, తయారు చేయాలని మొదలుపెట్టాను. బాపు దోస్తు శివయ్య మామ విప్పి ఇస్తున్నాడు, నేను కొలిచి గీస్తున్నాను. ఇప్పటిదాకా తీసిన కొలతలు ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఇది ఎందుకు నడవలేదో నాకు తెలియాలి. ఏ ముక్కన్నా లేదా? బాపు ఏదన్నా తప్పు బిగించాడా? లేక అందరూ అన్నట్టు ఆయనది ఉత్త పిచ్చేనా?

మొదటి అనుమానం అడుగుతున్నాను. ఇంజను అడుగున నూనె నిలిచే గిన్నె ఉండాలి కదా. దీనికి పళ్లెంలాంటి మూత ఒక్కటే ఉంది. నూనె తీసే మర కూడా లేదు. మరి నూనె ఎక్కడుంటుంది? దయచేసి తెలుపగలరు.

ఇట్లు
సోనీ


సునాబెడ
జూలై

సోనీ బిడ్డకు,

నీ ఉత్తరం అందింది. చదివి ఎవరో హెడ్మాస్టరు రాశాడనుకున్నాను. "దయచేసి తెలుపగలరు" ఏమిటే? మీ బాపు నోట తిట్టు లేకుండా ఒక్క వాక్యం వచ్చేది కాదు. నువ్వు ఆయన కూతురివే అయితే మామూలుగా రాయి.

గిన్నె లేదని కంగారు పడకు. విమానాల్లో నూనెకు వేరే డబ్బా ఉంటుంది. పంపు అక్కడి నుంచి లాగి ఇంజనుకు ఇస్తుంది, ఇంకో పంపు వాడిన నూనెను మళ్లీ డబ్బాకు తోస్తుంది. అందుకే అడుగున పళ్లెం చాలు. నాకు తోచింది ఇది. అయితే ఒక మాట ముందే చెప్తున్నా, నన్ను పెద్ద పండితుణ్ని అనుకోకు. నేను చేసినవన్నీ జెట్ ఇంజన్లు. పిస్టన్ ఇంజన్ అంటే నాకు నా స్కూటరే. మీ బాపు ఇంజను ఎట్లా ఉంటుందో కూడా నాకు తెలియదు, ఎప్పుడూ చూపించలేదు.

నువ్వు పంపిన కొలతలు చూశాను. అన్నీ వంకర అంకెలే. ఇరవై అయిదు పాయింట్ నాలుగుతో భాగించి చూడు. ఇంగ్లీషువాడు అంగుళాల్లో ఆలోచించి చేసిన వస్తువును నువ్వు మిల్లీమీటర్లలో పట్టుకుంటున్నావు.

కంప్యూటర్‌లో అది తిరుగుతుందా? అంటే బొమ్మలాగా నిలబడి ఉంటుందా, లేక క్రాంకు తిప్పితే పిస్టన్లు కదులుతాయా? కవాటాలు ఎప్పుడు తెరుచుకుంటున్నాయో కనిపిస్తుందా? నాకు ఇదంతా మహా విచిత్రంగా ఉంది. వివరంగా రాయి. బొమ్మలు కాగితం మీద ప్రింటు తీసి పంపు. మీ చిన్నమ్మ అన్నం చల్లారుతోందని ఎదుట నిలబడి చేతులు ఊపుతోంది.

వదినకు నమస్కారాలు చెప్పు. ఆమె తీసుకుంటుందో లేదో నాకు తెలియదు.

చిన్నాయన
డానియేలు


జహనుమా
ఆగస్టు

చిన్నాయినా,

బడిలో ఉత్తరమంటే అట్లాగే నేర్పారు, నన్నేం చేయమంటారు? మాట్లాడితే మా గల్లీ భాషే వస్తుంది, కోపమొస్తే ఇంకా ఎక్కువ వస్తుంది. నమస్కారాలు చెప్పాను. అమ్మ "ఊఁ" అంది. తీసుకున్నట్టే.

అంగుళాల సంగతి మీరు చెప్పగానే భాగించి చూశాను. అబ్బ! ఒక్కసారిగా అన్నీ సక్కగా అయిపోయాయి. ఆ ఇంజను గీసినాయన పక్కన కూర్చుని నవ్వుతున్నట్టు అనిపించింది. అరిగిపోయిన చోట కూడా అసలు కొలత ఎంత ఉండేదో ఇప్పుడు చెప్పగలుగుతున్నాను.

ఇంటర్నెట్‌లో కూడా దొరికింది. పాత ఇంగ్లీషు కంపెనీ ఒకటి ఇట్లాంటి నాలుగు సిలిండర్ల ఇంజన్లు చేసేది. ఫోటోలో సిలిండర్లు నిటారుగా, అచ్చం మనదే. చిన్న చిన్న తేడాలు ఉన్నాయి కానీ మనది కొంచెం తర్వాతి కాలందేమో అనుకున్నాను.

ఇక అసలు సంగతి. మోడల్ పూర్తయింది, తిరుగుతుంది! పైతొడుగును గాజులాగా చేసి లోపల చూడొచ్చు. క్రాంకు తిప్పితే పిస్టన్లు ఎక్కుతూ దిగుతూ, కవాటాలు వంతులవారీగా తెరుచుకుంటూ, మాగ్నెటో గుండ్రంగా తిరుగుతూ. మాగ్నెటో అంటే తెలుసు కదా, బ్యాటరీ లేకుండా నిప్పురవ్వ ఇచ్చే డబ్బా. ప్రతి రవ్వా ఎప్పుడు రావాలో అప్పుడే వస్తోంది. ఒక్క ముక్క తక్కువ లేదు, ఒక్కటి తప్పు బిగించలేదు. బాపు అన్నీ సరిగ్గానే చేశాడు. ఒక్క కార్బురేటర్ మాత్రం అంబాసిడర్ కారుది పెట్టాడు, అదీ సరిపోతుందని శివయ్య మామ అన్నాడు. అమ్మ వచ్చి చూసింది. "ఇదా లోపట జరిగేది? నేను ఇన్నేండ్లు బయట నిలవడి పంకా తిప్పినకొద్దీ?" అని అట్లాగే నిలబడిపోయింది. ఇంజను ముందు బాపు టేకు చెక్కతో చేసి బిగించిన విమానం పంకాను ఆదివారం ఆదివారం తిప్పింది అమ్మే కదా. బాపు చెవి పెట్టి వినేవాడు, అమ్మ తిప్పేది.

అయితే ఇంజను మళ్లీ బిగించి, పెట్రోలు పోసి తిప్పాం. ఏమీ లేదు. దగ్గలేదు, తుమ్మలేదు. కంప్యూటర్‌లో మంచిగా నడిచేది వాకిట్లో ఎందుకు నడవదు? నాకు మతి పోతోంది.

ఇంకొకటి అడగనా? మీరు, బాపు ఎందుకు మాట్లాడుకోవడం మానేశారు? అమ్మనడిగితే "అన్నదమ్ముల లొల్లి, నాకేం ఎరుక" అంటుంది.

సోనీ


సునాబెడ
ఆగస్టు చివర

సోనీ బిడ్డకు,

నువ్వు పంపిన ప్రింట్లు గోడకు అంటించాను. మీ చిన్నమ్మ ఏసుప్రభువు క్యాలెండరు తీసి పక్క గోడకు మార్చింది, మూతి ముడుచుకునే.

ఏ ఇంజనైనా నడవాలంటే మూడే కావాలి. గాలి నొక్కుకోవాలి, పెట్రోలు అందాలి, సమయానికి రవ్వ పడాలి. ఈ మూడింట్లో ఒకటి దొంగ. ఒక్కొక్కదాన్నే పట్టుకో. ప్లగ్గు తీసి ఆ రంధ్రం మీద బొటనవేలు పెట్టి మీ అమ్మను తిప్పమను, వేలును తోసేస్తే గాలి నొక్కుతున్నట్టు. తర్వాత ప్లగ్గు తడిసిందా చూడు. చివరికి రవ్వ. అన్నీ ఒకేసారి కెలకకు, అప్పుడు ఏది దొంగో తెలియదు.

నీ మోడల్ గురించి నాకు ఒకటే సందేహం. అందులో అన్నీ నువ్వు చెప్పినట్టు వింటాయి. వాకిట్లో ఉన్నది నీ మాట వినదు.

పాత సంగతులు ఇప్పుడెందుకు బిడ్డా. ఆయన పోయాడు.

చిన్నాయన


జహనుమా
సెప్టెంబరు

చిన్నాయినా,

గాలి మంచిగా నొక్కుతుంది, బొటనవేలు ఎగిరిపోయేట్టు తోసింది. పెట్రోలు అందుతుంది, ప్లగ్గులు తడిగా వచ్చాయి. ఇక రవ్వ. మాగ్నెటోను విప్పి డ్రిల్లుతో జోరుగా తిప్పాం. తెల్లటి రవ్వ చిటపట పడింది. నా వేలికి తగిలి "అమ్మో" అని అరిచాను, శివయ్య మామ మస్తు నవ్వాడు. కానీ మళ్లీ ఇంజనుకు బిగించి చేతితో పంకా తిప్పితే రవ్వ ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. మాగ్నెటో మంచిదా చెడ్డదా? జోరుగా తిప్పితే మంచిది, మెల్లగా తిప్పితే చెడ్డది. ఇది నాకు అర్థం కాలేదు.

ఇప్పుడు ఒకటి చెప్పాలి. ఇన్ని రోజులూ మీకు చెప్పలేదు. అమ్మ ఇంజను ఇచ్చేస్తానని మాట ఇచ్చింది. జగదీశ్వర్ అని, కొత్తగా పెద్ద హోటల్ పెడుతున్నాడు. లోపలంతా విమానం లాగా చేస్తాడట. ఇంజనుకు బంగారు రంగు వేసి, సిలిండర్లలో బల్బులు పెట్టి, గల్లా పక్కన నిలబెడతాడట. దీపావళి ముందు వ్యాను తెస్తాడు. అమ్మది తప్పని నేను అనను. ఒకటిన్నర గది ఇల్లు, వాకిలంతా అదే. "మీ బాపు ఉన్నప్పుడు ఓర్సుకున్న, ఇగ నాతోని కాదు" అంటుంది. వ్యాను వచ్చేలోపల నాకు సంగతి తెలియకపోతే ఇక ఎప్పటికీ తెలియదు.

నేను దాచింది చెప్పిన. ఇగ నువ్వు దాస్తున్నది చెప్పు. పాత సంగతులు ఎందుకు అని తప్పించుకోకు. బాపు దవాఖానల ఆఖరి రోజులల్ల మాటిమాటికి ఒక్కటే అన్నడు: "డానియేలు ఆ ఒక్కటిస్తే అయిపోతుండె." ఏంది అది? పైసలా? ఏం అడిగిండు, నువ్వేం ఇయ్యలే? నాకు కోపం వస్తుంది చిన్నాయినా. మా బాపు నీ పేరు తల్సుకుంట పోయిండు, నువ్వేమో బొటనవేలు పెట్టి చూడమని రాస్తున్నవ్.

సోనీ


సునాబెడ
సెప్టెంబరు

సోనీ,

నీ కోపం ఉత్తరం మా పోస్ట్‌మ్యాన్ చేతిలో కూడా వేడిగానే ఉండి ఉంటుంది.

పైసలు కాదు. మాగ్నెటో.

ఆయన ఒకసారి సునాబెడ వచ్చాడు, ఎవరికీ చెప్పకుండా. మీ అమ్మకు లారీ మీద విశాఖ పోతున్నానని చెప్పాడట. "ఇంజన్ల అంతా మంచిగున్నది, మాగ్నెటోకు ఒక్కదానికే దమ్ము లేదు. మీ ఫ్యాక్టరీ స్టోర్ల ఉంటది కద, ఒక్కటి తెచ్చియ్యి" అన్నాడు. తెచ్చియ్యి అంటే గేటు దాటించి తెమ్మని. నేను తేనన్నాను. దొంగతనం చెయ్యనన్నాను. మా దగ్గర జెట్ ఇంజన్లు, ఆ రకం మాగ్నెటో ఉండదు కూడా అన్నాను. ఆయన నమ్మలేదు. "ఇచ్చే మనసు లేక సాకు చెప్తున్నవ్" అని, పెట్టిన అన్నం తినకుండా బస్సెక్కాడు. ఆ తర్వాత నేను రాసిన దేనికీ జవాబు రాలేదు.

ఇది నీకు ఎందుకు చెప్పలేదంటే, నీ తండ్రి నన్ను దొంగతనం చేయమన్నాడని కూతురికి ఎట్లా రాయను? ఆయన అట్లాంటివాడు కాదు. ఆ ఇంజను ఆయన చేత అట్లా అడిగించింది.

కానీ బిడ్డా, నేను తేనన్నది సరైనదేనని నాకు తెలుసు, అయినా ఒక ముల్లు గుచ్చుకునే ఉంది. నిజంగానే మాగ్నెటో పాడైపోయి ఉంటే? వేరే చోట ఎక్కడన్నా వెతికి ఒకటి పంపి ఉంటే ఆయన ఒక్కసారన్నా ఆ చప్పుడు విని పోయేవాడు కదా. నా వల్లే ఆగిందా? నువ్వు మొదటి ఉత్తరం రాసినప్పటి నుంచీ నాకు ఇదే. అందుకే నీ ప్రింట్లు గోడకు అంటించుకున్నాను.

నువ్వు చెప్పిన గుర్తు మంచిది. జోరుగా తిప్పితే మంచిది, మెల్లగా తిప్పితే లేదు. చేతితో తిప్పే వేగానికి ఏ మాగ్నెటో కూడా గట్టి రవ్వ ఇవ్వలేదు. కాబట్టి దాన్ని చేసినవాడు ఏదో ఉపాయం పెట్టి ఉండాలి. మాగ్నెటోను కాసేపు పట్టి ఆపి, ఒక్కసారిగా విసిరి తిప్పేది ఏదో, స్ప్రింగు లాంటిది. నేను చూడలేదు, కానీ ఉండాలి. మాగ్నెటోకూ ఇంజనుకూ మధ్యనున్న కప్లింగు విప్పి చూడు. అది విరిగి ఉంటే మీ బాపు అన్నదే నిజం.

ఏది తేలినా నాకు ఉన్నదున్నట్టు రాయి. నా మనసు కోసం తీపి చేసి రాయకు.

డానియేలు


జహనుమా
అక్టోబరు

చిన్నాయినా,

అన్నం తినకుండా బస్సెక్కిన సంగతి అమ్మకు చదివి వినిపించాను.  అమ్మ "విశాఖ కెళ్లి ఏం తేలే అనుకున్న ఆనాడు" అంది.

కప్లింగు విప్పాను. నువ్వు చూడకుండానే చెప్పింది లోపల ఉంది! గడియారంలో ఉండేలాంటి స్ప్రింగు, రెండు చిన్న కొక్కేలు, పక్కన తొడుగుకు ఒక మేకు. కొక్కెం వచ్చి మేకుకు తగులుకోవాలి. అప్పుడు మాగ్నెటో ఆగుతుంది, స్ప్రింగు చుట్టుకుంటుంది, ఇంకొంచెం తిరగగానే కొక్కెం జారి మాగ్నెటో టక్కున తిరిగి గట్టి రవ్వ ఇస్తుంది. ఏదీ విరగలేదు. స్ప్రింగు మంచిగుంది, కొక్కేలు ఊగుతున్నాయి, మేకు అరగలేదు. మరి ఎందుకు తగులుకోవడం లేదు?

నా మోడల్ ఎందుకు నడిచిందో ముందు తెలిసింది. ఆ కప్లింగు లోపల ఏముందో చూడకుండా మొత్తాన్ని ఒకే ముద్దగా గీశాను. నీ మాటే నిజం, అన్నీ నేను చెప్పినట్టు విన్నాయి. ఈసారి కొక్కేలు విడిగా గీసి, ఊగేట్టు వదిలాను. అవి ఎటూ పడలేదు. ఎందుకు పడతాయి, కంప్యూటర్‌లో కిందా పైనా ఎక్కడివి? వస్తువులకు బరువు ఉండదు, మనం చెప్తే తప్ప. అప్పుడు బరువు పెట్టాను, అది ఏ దిక్కుకు లాగాలో అంకె వేశాను, తిప్పాను.

కొక్కెం ఠక్కున మేకుకు తగులుకుంది! స్ప్రింగు చుట్టుకుంది, వదిలింది, మాగ్నెటో విసురుగా తిరిగింది. కుర్చీలోంచి లేచి గంతేశాను. తర్వాత చూసుకుంటే మైనస్ గుర్తు వేయడం మరిచిపోయాను. అంటే బరువు పైకి లాగుతోంది. ఛీ అనుకుని సరిచేశాను. కొక్కెం మళ్లీ తగులుకోలేదు. కొక్కెం తోక బరువుగా ఉంటుంది చిన్నాయినా. మేకు పైవైపు ఉంటే తోక లోపలికి పడి, ముక్కు బయటికి పొడుచుకొచ్చి మేకును పట్టుకుంటుంది. మన ఇంజనులో మేకు కిందివైపు ఉంది. అక్కడ తోక బయటికి పడుతుంది, ముక్కు లోపలికి పోతుంది.

ఇంత తెలివిగలవాడు మేకును తప్పు చోట పెడతాడా అని మోడల్‌ను చూస్తూ కూర్చున్నాను. తప్పు గుర్తు వేస్తే నడుస్తుంది, సరైన గుర్తు వేస్తే నడవదు. ఎంతసేపటికో వెలిగింది. మౌస్ పట్టుకుని ఇంజను మొత్తాన్ని తలకిందులు చేశాను. సిలిండర్లు కిందికి వేలాడాయి. తిప్పాను. తగులుకుంది. మళ్లీ తిప్పాను, మళ్లీ తగులుకుంది.

అది తలకిందుల ఇంజను చిన్నాయినా! పుట్టుకతోనే అంతే. మళ్లీ ఇంటర్నెట్‌లో వెతికాను. అదే కంపెనీ ముందు నిటారుగా ఉండేది చేసి, తర్వాత దాన్నే తిప్పి సిలిండర్లు కిందికి వేలాడేట్టు చేసింది, పైలట్‌కు ముందున్నది అడ్డం లేకుండా కనిపించాలని. నేను చూసిన ఫోటో ముందుదానిది. మనం అడుగు గిన్నె అనుకున్న పళ్లెం అడుగు కాదు, అది పైమూత! నూనెకు వేరే డబ్బా ఉంటుందన్న నీ మాట కరెక్టే, అయినా ఇద్దరం తప్పు చోటే చూసుకుంటూ ఉన్నాం.

శివయ్య మామకు చెప్తే నెత్తి కొట్టుకున్నాడు. "లారీ ఇంజన్ అంటే సిలిండర్లు మీదికే ఉంటయ్. సపాటున్న దిక్కు కిందికి పెట్టి నిలవెట్టుడు మా అందరికి అలవాటు. ఆనాడు ఆటోల కెళ్లి దించింది నేనే, గిట్ల పెట్టు అన్నది నేనే" అన్నాడు.

మాగ్నెటో ఎన్నడూ పాడు కాలేదు. నువ్వు ఇంకొకటి తెచ్చిచ్చినా అది నడిచేది కాదు. నువ్వు ఏం తెచ్చినా నడిచేది కాదు. నీ వల్ల ఆగలేదు చిన్నాయినా. తీపి చేసి రాయడం లేదు, ప్రింట్లు కూడా పంపుతున్నాను, నీ కళ్లతో చూసుకో.

ఈ నెల చివరి ఆదివారం గుడిలో ప్రార్థన అయ్యాక తిప్పి పెడతాం.

నీ సోనీ


సునాబెడ
అక్టోబరు

సోనీ బిడ్డా,

ప్రింట్లు చూశాను. కొక్కెం తోకను పెన్సిలుతో కాగితం మీద నేను కూడా గీసి చూసుకున్నాను. నువ్వు చెప్పిందే నిజం. మీ చిన్నమ్మ నేను ఏడుస్తున్నానని పక్కింటివాళ్లను పిలిచింది. ఏమని చెప్పను వాళ్లకు, మైనస్ గుర్తు అని చెప్పనా?

కానీ తొందరపడకు. తెర మీద నడిచిందని ముందొకసారి సంబరపడ్డావు. ఇంకా ఒకటుంది. సిలిండర్లు కిందికి వేలాడితే నూనె జారి వాటిలో నిలుస్తుంది. నూనె గాలిలాగా నొక్కుకోదు, అట్లాగే స్టార్ట్ చేస్తే లోపలి కడ్డీలు వంగిపోతాయి. ప్లగ్గులన్నీ తీసేసి, పంకాను చేతితో మెల్లగా తిప్పి, ఆ నూనె అంతా కారిపోనివ్వు. తర్వాతే ప్లగ్గులు బిగించు. ఇంజనును గొలుసుకు వేలాడదీసి నడపకు, గట్టి ఇనుప చట్రానికి బిగించండి. పంకా తిప్పినవాళ్లు వెంటనే పక్కకు జరగాలి, వెనక్కి కాదు.

నడవకపోతే నడవలేదని రాయి.

చిన్నాయన


జహనుమా
నవంబరు

చిన్నాయినా,

నడిచింది!

వరసగా రాస్తాను. శివయ్య మామ చైన్ పుల్లీ తెచ్చి ఇంజనును తిప్పాడు, తానే వెల్డింగు చేసిన చట్రానికి బిగించాడు, కార్బురేటర్ ఒక్కటి విప్పి మళ్లీ నిటారుగా పెట్టాడు. నువ్వు చెప్పినట్టు ప్లగ్గులు తీసి తిప్పితే నల్లటి నూనె బొటబొటా కారింది. నువ్వు రాయకపోతే ఆ రోజే అంతా ముక్కలయ్యేది. ప్లగ్గులు బిగించి ఉత్తగా ఒకసారి తిప్పాం. లోపల "టక్" అంది. ఇన్నేళ్లలో ఆ చప్పుడు ఎవరూ వినలేదు. అమ్మ అదిరిపడింది. "ఏందది? ఏం ఇరిగింది?" అంది. ఇరగలే అమ్మా, అదే కావాలె అన్నాను.

జగదీశ్వర్ వ్యాను తీసుకుని అప్పుడే వచ్చాడు. జర ఆగమన్నాం. నేను పంకా పట్టుకోబోతే అమ్మ నన్ను పక్కకు నెట్టింది. "జరుగు. ఇన్నేండ్లు తిప్పింది నేను, ఇయ్యాల నువ్వొస్తవా?" అని కొంగు నడుముకు చెక్కుకుంది. ఒకసారి తిప్పింది, ఏమీ లేదు. రెండోసారి తుప్పుమని పొగ వచ్చింది. మూడోసారి అంటుకుంది.

చిన్నాయినా, ఎట్లా చెప్పను! వాకిలి మొత్తం వణికింది. నీలం పొగ గల్లీ చివరిదాకా పోయింది, పక్కింటోళ్ల ఆరేసిన బట్టలన్నీ మసి పట్టాయి, వాళ్లు తిట్టడానికి వచ్చి నోరు తెరుచుకుని నిలబడ్డారు. శివయ్య మామ నెత్తి మీది రుమాలు ఎగిరిపోయింది. అమ్మ పక్కకు జరిగి గోడకు ఆనుకుని, పెట్రోలు అయిపోయి అది ఆగేదాకా కళ్లార్పకుండా చూసింది. ఆగాక మెట్టు మీద కూలబడి ఏడ్చింది. గల్లీవాళ్లందరూ ఉన్నారు. వాళ్లందరి ముందు గట్టిగా అంది: "పిచ్చోడు కాదు నా మొగడు! ఇన్నరా? పిచ్చోడు కాదు!" అని కాసేపటికి నవ్వడం మొదలుపెట్టింది. "తెలివి మాత్రం తక్కువ. ఇన్నేండ్లు నెత్తి మీద నిలవెట్టి, నడువు నడువు అంటే ఎట్ల నడుస్తది?" అని నవ్వుతూనే మళ్లీ ఏడ్చింది.

ఇక ఇంజను మన ఇంట్లోనే ఉంటుందని నేను అనుకున్నాను. జగదీశ్వర్ కూడా వెనక్కి తగ్గాడు. "నడిచేదాంట్ల బల్బులు పెట్టుడు నాతోని కాదమ్మా, మీరే ఉంచుకోండ్రి" అన్నాడు. అమ్మే వద్దంది. "తీస్కపో. మాటైతే ఇచ్చిన గని, ఎందుకు నడుస్తలేదో తెల్వక పోనియ్యబుద్ధి కాలె, గంతే. ఇప్పుడు తెల్సింది. గని రంగు వెయ్యొద్దు, బల్బులు పెట్టొద్దు, ఎట్ల బిగించినమో గట్లనే నిలవెట్టు" అంది. చట్రంతో సహా వ్యాను ఎక్కించాం. నాకు ఏడుపొచ్చింది, అమ్మకు రాలేదు. నా దగ్గర మోడల్ ఉంది. అంబాసిడర్ కార్బురేటర్ కూడా అందులో గీస్తున్నాను, బాపుది కదా.

నిన్న సమాధుల పండుగ. పూలు, కొవ్వొత్తులు తీసుకుని బాపు దగ్గరికి పోయాం. చుట్టూ అందరూ మెల్లగా ప్రార్థన చేసుకుంటున్నారు. అమ్మ రాయి తుడిచి, పూలు పెట్టి, కూర్చుని, ఇంట్లో మాట్లాడినట్టే గట్టిగా మొదలుపెట్టింది. పాస్టర్ గారు తిరిగి చూశారు. నేను చెయ్యి పట్టుకున్నా ఆగలేదు. ఆమె అన్నది అన్నట్టే రాస్తున్నాను, ఇది నీకు చేరాలి.

"ఏమయ్యా, ఇంటున్నవా? నడిచింది నీ ఇంజన్. నేనే నడిపిన. నీ మాగ్నెటోకు ఏం కాలె, మంచిగున్నది. డానియేలు ఇయ్యకుంటే ఆగలె అది, నువ్వే తలకిందులు పెట్టినవ్. ఉత్తగనే ఆయన మీద అలిగి అన్నం తినకుంట వచ్చినవ్. ఇగ చాలు గని, నీ తమ్మునితోని మాట్లాడు."

నీ సోనీ